దీర్ఘకాలిక జబ్బున్న పిల్లల క్యాంపు: ఆటలు చాలా, పాఠాలూ పెట్టాలా?

మెట్లదారి

9 నుంచి 14 ఏళ్ల పిల్లలు 30 మందితో అయిదు రోజుల క్యాంపు వేస్తున్నాం. 18 మందికి టైప్ 1 షుగర్, అయిదుగురికి హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు), నలుగురికి సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే రక్తజబ్బు), ముగ్గురికి ఫిట్స్. ఈ ముప్ఫైమందిలో ఇద్దరికి ఆస్తమా కూడా ఉంది. ఈత కొలను, తాడు కట్టుకుని ఎక్కే గోడ, చలిమంట, చేతిపనుల గది ఉన్నాయి.

కమిటీలో రెండు వాదనలు నడుస్తున్నాయి. రోజూ ఒక గంట జబ్బు గురించి క్లాసు లేకపోతే ఇది వట్టి విహారయాత్ర అని కొందరు. అయిదు రోజులైనా జబ్బు ఊసెత్తకుండా ఆడుకోనివ్వండి అని ఇంకొందరు. ఇలాంటివి నడిపినవాళ్లు, వైద్యం వైపు చూసినవాళ్లు ఏది పనిచేస్తుందో, ఎక్కడ తేడా వస్తుందో చెప్పండి. ఎంత వివరంగా ఉంటే అంత మంచిది.

చుక్కాని

మెట్లదారి గారూ, క్లాసు పెట్టకండి. అలాగని జబ్బు ఊసు లేకుండా చేయాలనీ చూడకండి, అది కుదరదు కూడా. 18 మంది పిల్లలు భోజనానికి ముందు వేలు గుచ్చుకోవాలి కదా.

అసలు పని జరిగేది అక్కడే. బడిలో గ్లూకోమీటర్‌ను బల్లకింద దాచుకుని, ఎవరైనా చూస్తారేమోనని బాత్రూంకి వెళ్లి చెక్ చేసుకునే పిల్లను ఊహించండి. ఇక్కడ ఒక పొడవాటి బల్ల చుట్టూ పద్దెనిమిది మంది ఒకేసారి చేతులు కడుక్కొచ్చి, లాన్సెట్ నొక్కి, "నాకు 142", "నాకు 88, నాకు ముందు పెట్టండి" అని అరుచుకుంటుంటారు. ఆ బల్ల దగ్గర దాచుకోవాల్సింది ఏమీ లేదు. గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా రాని మార్పు రెండో రోజు మధ్యాహ్నానికే కనబడుతుంది. కాబట్టి ఆ చెకప్‌ను మందుల గదిలో ఒక్కొక్కరినీ పిలిచి చేయించకండి. బల్ల దగ్గరే, అందరిమధ్యే జరగనివ్వండి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. ఇన్సులిన్‌ను మనిషికి మొదటిసారి ఇచ్చింది 1922 జనవరిలో, 14 ఏళ్ల కుర్రాడికి. 1925 కల్లా అమెరికాలోని మిషిగన్‌లో డాక్టర్ లెనార్డ్ వెంట్ షుగర్ ఉన్న పిల్లలకు క్యాంపు పెట్టేశారు. తర్వాత 1988లో నటుడు పాల్ న్యూమన్ కనెటికట్‌లో క్యాన్సర్, రక్తజబ్బులు ఉన్న పిల్లల కోసం ఇలాంటి క్యాంపే తెరిచారు. ఐర్లండ్‌లోని బారెట్స్‌టౌన్ క్యాంపు ఈ పద్ధతిని నాలుగు మెట్లుగా చెబుతుంది: సవాలు, గెలుపు, నెమరువేత, తెలుసుకోవడం. చాలామంది మొదటి రెండింటితో ఆపేస్తారు. గోడ ఎక్కించి, చప్పట్లు కొట్టి, తర్వాతి ఆటకు తీసుకెళ్లిపోతారు. మూడోది వదిలేస్తే ఆ గెలుపు గోడ దగ్గరే ఉండిపోతుంది.

గోడ ఎక్కించే తీరు చెబుతాను. ఎక్కేముందు "ఎక్కడిదాకా?" అని పిల్లవాడినే అడగండి. "ఆ ఎర్ర పట్టుదాకా" అంటే అదే ఆ రోజు శిఖరం. అక్కడికి చేరగానే "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని కింద నుంచి ఎవరూ అరవకూడదు. ఇంకా ఎక్కాలని వాడికే అనిపిస్తే వాడే అడుగుతాడు. శరీరం మీద తన మాట చెల్లడం అనేది ఈ పిల్లలకు అరుదుగా దొరికే అనుభవం. సూది ఎప్పుడు, ఏం తినాలి, ఏ ఆట వద్దు అన్నీ పెద్దవాళ్లే చెప్తుంటారు మరి.

నెమరువేతకు ఆ రాత్రి గదిలో 20 నిమిషాలు, లైట్లు తగ్గించి, ఎనిమిదికి మించని గుంపుతో కూర్చోండి. ప్రశ్న ఒక్కటే ఉండాలి. "ఈ రోజు ఏది కష్టంగా మొదలై తేలికైంది?" అంటే చాలు. తిరగేసి "జబ్బువల్ల నీకేం బాధ?" అని అడగకండి. ఆ మాట వాళ్లంతట వాళ్లు ఎత్తుతారు, ఎక్కువగా మూడో రాత్రి. మాట్లాడనివాడు దాటేయొచ్చు అని మొదటే చెప్పాలి.

పాఠం కావాలంటే ఆటలోకే దూర్చండి. ఫుట్‌బాల్‌కు ముందు "నీ షుగర్ 110, ఒంటికి అతికించిన సెన్సర్‌లో బాణం కిందికి ఉంది, అంటే తగ్గుతోంది, ఏం చేద్దాం?" అని వలంటీర్ అడగాలి. జవాబు పిల్లే చెప్పాలి. తప్పు చెబితే పక్కనున్న పిల్లవాడు సరిదిద్దుతాడు. పెద్దవాళ్లు సరిదిద్దినదానికంటే అది గట్టిగా నిలుస్తుంది.

రాత్రి డ్యూటీ

చుక్కాని గారి మాటతో ఏకీభవిస్తూనే షుగర్ పిల్లల వైద్యం సంగతి చెబుతాను. క్యాంపులో మొదట దెబ్బకొట్టేది ఇదే.

ఇంట్లో కూర్చుని చదువుకునే పిల్ల ఇక్కడ పొద్దుటి నుంచి పరిగెడుతుంది. అదే ఇన్సులిన్ ఇస్తే మొదటి రాత్రే లో షుగర్ వస్తుంది. అందుకే చాలా క్యాంపుల్లో మొదటి రోజు నుంచే మోతాదు 10 నుంచి 20 శాతం తగ్గిస్తారు. ఎవరికి ఎంత అనేది వాళ్ల డాక్టరు ముందే రాసివ్వాలి. ఇప్పటికే షుగర్ బాగా ఎక్కువగా నడుస్తున్నవాళ్లకు, ఇంట్లోనూ బాగా ఆడేవాళ్లకు తగ్గింపు అక్కర్లేకపోవచ్చు.

ప్రమాదమంతా రాత్రే. ఆడినప్పుడు ఖాళీ అయిన కండరాలు పడుకున్నాక కూడా రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుని నింపుకుంటూ ఉంటాయి. సాయంత్రం ఆడితే అర్ధరాత్రి దాటాక పడిపోవడం అందుకే. పడుకునేముందు ఒకసారి, 12కి, 3కి చెక్ చేయండి. పడుకునేటప్పుడు 120 కంటే తక్కువుంటే ఏదైనా తినిపించి 3 గంటల చెక్ తప్పకుండా చేయాలి. నిద్రలో వేలు గుచ్చేటప్పుడు ఎర్ర కాంతి ఉన్న చిన్న టార్చి వాడండి, గది మొత్తం లేవదు. సెన్సర్ ఉన్నా సరే, లో చూపిస్తే వేలు గుచ్చి నిర్ధారించుకోండి. సెన్సర్ అంకె రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. పిల్ల దాని మీద ఒరిగి పడుకుంటే లేని లో కూడా చూపిస్తుంది.

70 కంటే తగ్గితే కిలో బరువుకు 0.3 గ్రాముల గ్లూకోజ్ ఇవ్వాలి. 30 కిలోల పిల్లకు 9 గ్రాములు, 50 కిలోల కుర్రాడికి 15. గ్లూకోజ్ బిళ్లలైతే చాలావాటిలో ఒక్కోదానికి 4 గ్రాములుంటాయి, లేబుల్ చూసి లెక్కపెట్టండి. పండ్లరసమైనా సరే. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు గ్లూకోజ్ ఎక్కడాన్ని ఆలస్యం చేస్తుంది. 15 నిమిషాలాగి మళ్లీ చెక్. ఇంకా 70 దాటకపోతే అదే మోతాదు మళ్లీ. ఈలోగా ఆట ఆగాలి, పిల్లను ఒంటరిగా మందుల గదికి నడిపించకూడదు. గ్లూకోజే పిల్ల దగ్గరికి వెళ్లాలి. ప్రతి వలంటీర్ నడుముకు ఒక సంచీ ఉండాలి: గ్లూకోజ్ బిళ్లలు, మీటర్, స్ట్రిప్పులు, లాన్సెట్లు, రసం పాకెట్ ఒకటి.

స్పృహ తప్పినా, మింగలేకపోయినా నోట్లో ఏమీ పోయకండి. గ్లూకగాన్ (రక్తంలో చక్కెరను పెంచే హార్మోన్) ఇంజెక్షన్: 25 కిలోల లోపు 0.5 మి.గ్రా., ఆపైన 1 మి.గ్రా. ఇచ్చాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చాలామంది వాంతి చేసుకుంటారు. పొడీ నీళ్లూ కలపాల్సిన రకమైతే సిబ్బంది అందరితో పాత కిట్ల మీద ఒకసారి కలిపించి చూడండి. కంగారులో ఆ పొడి కలపడానికే చేతులు వణుకుతాయి.

ఎక్కువైనప్పటి సంగతి కూడా మరవొద్దు. 250 దాటి అలాగే ఉంటే కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) చూడాలి. రక్తంలో కీటోన్లు 1.5 దాటితే ఆట బంద్, డాక్టరుకు కబురు. ఈతకోసం ఒంటికి తగిలించుకున్న ఇన్సులిన్ పంపు విప్పి పక్కనపెట్టి మర్చిపోయిన పిల్లల్లో ఇది త్వరగా వస్తుంది, ఎందుకంటే పంపులో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఉండదు. గంట, మహా అయితే రెండు గంటలు దాటకూడదు. కొలను గట్టున పంపుల పెట్టె, పేర్ల పట్టీ, విప్పిన టైము రాసే చీటీ ఉంచండి.

చివరిగా ఇన్సులిన్. తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఐస్ ముక్కకు నేరుగా తగిలి గడ్డకడితే అది పనికిరాదు, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది గనుక ఎవరూ గుర్తుపట్టరు. ఐస్‌కీ సీసాకీ మధ్య మందపాటి బట్ట వేయండి, పెట్టెలో థర్మామీటర్ పెట్టండి.

నీలిపట్టీ

హీమోఫీలియా పిల్లల వైపు నుంచి.

ఫ్యాక్టర్ (రక్తం గడ్డకట్టడానికి నరంలోకి ఎక్కించే మందు) ఎప్పుడు ఎక్కిస్తారన్నదే సగం భద్రత. మామూలు ఫ్యాక్టర్ 8 సగానికి తగ్గడానికి 8 నుంచి 12 గంటలే పడుతుంది. ఇంట్లో సాయంత్రం వేసుకునే అలవాటున్నా క్యాంపులో పొద్దున్నే, ఆటలకు ముందే పడాలి. క్యాంపుకు రెండు వారాల ముందు నుంచే ఆ టైముకి మార్చుకోమని చెప్పండి. ఎమిసిజుమాబ్ (ఫ్యాక్టర్‌కు బదులు చర్మం కింద వేసే మందు) మీద ఉన్న పిల్లలెవరో విడిగా రాసుకోండి. వాళ్లకు రోజూ నరంలోకి సూది అక్కర్లేదు కానీ దెబ్బ తగిలితే ఏం ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో వాళ్ల డాక్టరు రాసిన కాగితం చేతిలో ఉండాలి. మామూలు గడ్డకట్టే పరీక్షలు కూడా వాళ్లలో తప్పుదారి పట్టిస్తాయి.

ఇక క్యాంపు నిజంగా ఇచ్చేది: సూది తానే వేసుకోవడం. అమెరికాలో హీమోఫీలియా క్యాంపుల్లో మొదటిసారి స్వయంగా ఫ్యాక్టర్ ఎక్కించుకున్న పిల్లలకు "పెద్ద కర్ర" అనే బహుమతి ఇవ్వడం ఆనవాయితీ. అది బలవంతంగా జరిగేది కాదు. పదేళ్లవాడు పక్క కుర్చీలో పదేళ్లవాడే గుచ్చుకోవడం చూస్తాడు, అంతే.

దశలు ఇలా విడదీయండి. మొదటి రోజు చేతులు కడుక్కుని మందు కలపడం మాత్రమే. సీసాలు గది వేడికి రానివ్వాలి, కలిపాక కుదపకుండా మెల్లగా గుండ్రంగా తిప్పాలి, కుదిపితే నురుగొస్తుంది. రెండో రోజు పట్టీ కట్టి నరం వెతకడం, వేలికొసతో తాకి స్ప్రింగులా తిరిగి లేస్తోందా చూడటం. గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి అయిదు నిమిషాలు పెడితే నరం బాగా లేస్తుంది. మూడో రోజు నకిలీ చేతి మీద బటర్‌ఫ్లై సూది. నాలుగో రోజు ఇష్టమైతే తన చేతికి. గొట్టంలోకి రక్తం రాగానే పట్టీ విప్పాలి, ఆ తర్వాతే మందు. పిల్లలు మరిచిపోయే మెట్టు ఇదే. తీశాక దూది పెట్టి చెయ్యి చాచే ఉంచి నొక్కాలి. మోచెయ్యి మడిస్తే కమిలిపోతుంది.

రెండుసార్లు గుచ్చినా దొరకకపోతే ఆ రోజుకు నర్సు అందుకోవాలి. మూడోసారి ప్రయత్నించమనకండి. ఆ ఒక్క చేదు పొద్దు ఏడాదిపాటు వాడిని సూదికి దూరం చేస్తుంది.

తలకు దెబ్బ తగిలితే "బాగానే ఉన్నాడుగా" అని ఎదురుచూడొద్దు. ముందు ఫ్యాక్టర్, ఆ వెంటనే ఆసుపత్రి.

మెట్లదారి

చాలా ఉపయోగం. సికిల్ సెల్ నలుగురి గురించి భయంగా ఉంది. కొలనులోకి దించొచ్చా? ఒకే మందులపెట్టె అందరికీ సరిపోతుందా?

ఏటిగట్టు

దించొచ్చు, నీళ్లు వెచ్చగా ఉంటే. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని కణాలు ఇరుక్కుంటాయి, నొప్పి దాడి మొదలవుతుంది. నీళ్లలో ఉండగా కంటే బయటికొచ్చి తడిబట్టలతో గాలికి నిలబడ్డప్పుడే ఎక్కువ చలి తగులుతుంది. కాబట్టి గట్టున నలుగురికి నాలుగు మందపాటి తువ్వాళ్లు, పొడిబట్టలు, మెట్టు దిగిన చోటే. 20 నిమిషాల ఈత, తర్వాత పైకి, వెచ్చబడ్డాక మళ్లీ.

నీళ్లు తాగించడం రెండో పని. ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. ఈ పిల్లల మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచలేవు. ఎక్కువ నీళ్లు తాగితే రాత్రి పక్క తడవడం వీళ్లలో మామూలే, 12 ఏళ్లప్పుడూ ఉండొచ్చు. ఆ భయంతోనే పిల్ల సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తుంది, మర్నాడు నొప్పి మొదలవుతుంది. మంచం బాత్రూంకి దగ్గరగా ఇవ్వండి. పరుపు మీద నీళ్లు పీల్చని షీటు అందరి మంచాలకూ వేయండి, ఒక్కరికే వేస్తే తెలిసిపోతుంది. రాత్రి చెక్‌కి తిరిగే నర్సే చడీచప్పుడు లేకుండా దుప్పటి మార్చేయాలి. పొద్దున ఎవరూ ఒక్క మాట అనకూడదు.

జ్వరం 38.3 డిగ్రీలు, అంటే 101 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ ఇచ్చి చూద్దాం అనుకోకండి. వీళ్లకు ప్లీహం సరిగా పనిచేయదు, ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. నేరుగా ఆసుపత్రికే. ఛాతీనొప్పి, ఆయాసం, ఉన్నట్టుండి ముఖం పాలిపోవడం, చెయ్యి కాలు బలహీనపడటం, వీటికీ అంతే.

మందులపెట్టె ఒకటే ఉంచొద్దు. సికిల్ సెల్ నొప్పికి ఇబుప్రోఫెన్ చాలామంది డాక్టర్లు రాస్తారు. హీమోఫీలియా పిల్లకు అదే ఇస్తే రక్తస్రావం పెరుగుతుంది. ఆస్పిరిన్ మరీ చెడ్డది. కలగలుపు క్యాంపులో నాకు కనబడే అతిపెద్ద పొరపాటు ఇదే. రెండు పెట్టెలు, రెండు రంగులు, హీమోఫీలియా పెట్టెలో పారాసిటమాల్ తప్ప నొప్పి బిళ్ల ఉండకూడదు. హైడ్రాక్సీయూరియా (సికిల్ సెల్‌కు వాడే మందు) క్యాప్సూల్ ఇచ్చేవాళ్లు చేతికి గ్లవుజు వేసుకోవాలి, క్యాప్సూల్ విప్పకూడదు.

వెన్నెలగది

ఫిట్స్ ముగ్గురి గురించి చిన్నగా. క్యాంపులో ఫిట్స్ రావడానికి పెద్ద కారణాలు రెండు: నిద్ర తగ్గడం, మందు టైము జారడం. చలిమంట రాత్రి పదకొండుదాకా సాగితే మర్నాడు వీళ్లే మూల్యం చెల్లిస్తారు. మెరిసే లైట్ల గురించి అందరూ భయపడతారు కానీ ఫిట్స్ ఉన్నవాళ్లలో దాదాపు 3 శాతం మందికే ఆ ఇబ్బంది. ఆ ముగ్గురిలో ఎవరికైనా ఉందేమో దరఖాస్తులోనే అడిగితే చాలు.

కింది మంచం ఇవ్వండి. బాత్రూం గడియ వేసుకోవద్దని చెప్పండి. నీళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో మనిషి, చేతికందే దూరంలో. గోడ ఎక్కొచ్చు, పై నుంచి తాడు కట్టి ఉంటుంది కనుక. ఫిట్స్ వస్తే టైము చూడటం మొదటి పని. పక్కకు తిప్పడం, తలకింద మెత్తటిది పెట్టడం, నోట్లో ఏమీ కుక్కకపోవడం. అయిదు నిమిషాలు దాటితే డాక్టరు రాసిచ్చిన మిడజోలం (ఫిట్స్ ఆపే మందు) ముక్కులోనో బుగ్గలోనో, అంబులెన్సుకు ఫోను. గదిలో తోటిపిల్లలకు ముందే చెప్పాలా వద్దా అన్నది ఆ పిల్లనే అడగండి. చెప్పమంటే తన నోటితోనే చెప్పనివ్వండి.

ఆస్తమా ఇద్దరినీ చలిమంటకు గాలి వచ్చే వైపు కూర్చోబెట్టండి, పొగ పోయే వైపు కాదు. ఎవరి స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) వాళ్లదే.

కొలబద్ద

ఇంతవరకూ భద్రత గురించి బాగుంది. అసలు ప్రశ్న మీద కొంచెం గట్టిగా మాట్లాడాలి. క్యాంపు "తట్టుకునే శక్తి" ఇస్తుందని ఎలా తెలుస్తుంది?

చివరి రోజు పాటలు పాడి, కౌగిలించుకుని, కళ్లనీళ్లు పెట్టుకున్నాక ఫారం ఇస్తే అందరూ పదికి పది వేస్తారు. అది క్యాంపు బాగుందని చెబుతుంది, పిల్ల మారిందని కాదు. ఈ రంగంలో జరిగిన పరిశీలనల్లో తరచూ కనిపించేది ఇదే: ఆత్మవిశ్వాసం, జబ్బు పట్ల వైఖరి క్యాంపు ముగిసేసరికి కొంత మెరుగవుతాయి, కొన్ని నెలలకు చాలామటుకు వెనక్కి జారతాయి. పైగా క్యాంపుకు వచ్చే కుటుంబాలే కాస్త ముందడుగు వేసేవి, కాబట్టి రానివాళ్లతో పోల్చి చూడటమూ చిక్కే.

మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షతో అయిదు రోజుల క్యాంపును కొలవకండి. అది రెండు మూడు నెలల లెక్క, అయిదు రోజులు అందులో మునిగిపోతాయి. అడగాల్సినవి పనులు. "గత వారం బడిలో ఎవరైనా చూస్తుండగా చెక్ చేసుకున్నావా?" "ఫ్యాక్టర్ ఎవరు కలిపారు?" "నీ జబ్బు గురించి కొత్తగా ఎవరికైనా చెప్పావా?" ఇవే ప్రశ్నలు క్యాంపుకు నెల ముందు, మూడు నెలల తర్వాత, ఆరు నెలల తర్వాత. జవాబు అవునా కాదా అన్నట్టుండాలి, నక్షత్రాలు వేయించకండి.

చుక్కాని

కొలబద్ద గారూ, జారిపోతుందన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. కానీ జారడానికి కారణం క్యాంపు కాదు, తిరిగి వెళ్లిన చోటు. అక్కడ పద్దెనిమిది మంది బల్ల లేదు, తను ఒక్కతే. కాబట్టి క్యాంపు మేలు నిలవాలనుకుంటే క్యాంపు రోజులు పెంచకండి, తర్వాతి ఆరు నెలలకు ఏదో ఒకటి కట్టండి. నెలకోసారి గదివారీ వీడియో కాల్, 40 నిమిషాలు, అదే ఎనిమిది మంది, అదే వలంటీర్. ఈ పిల్లలే 16 దాటాక వలంటీర్ శిక్షణకు పిలవండి. అదే జబ్బున్న పెద్ద వలంటీర్ ఉద్యోగం చేస్తూ, చదువుకుంటూ ఎదురుగా కనబడటం చిన్నపిల్లలకు ఏ పుస్తకమూ ఇవ్వలేనిది.

కొలబద్ద

ఈ వీడియో కాల్ ఖర్చు తక్కువ, కొలవడానికీ వీలు. ఒప్పుకుంటాను. హాజరు కూడా రాసి ఉంచండి, మూడో నెలకు ఎవరు రావడం మానేశారో వాళ్లకే సాయం ఎక్కువ అవసరం.

గాలిమర

ఒక హెచ్చరిక. కలిపి ఉంచడం అన్ని జబ్బులకూ మేలు చేయదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో జిగట కఫం పేరుకునే పుట్టు జబ్బు) పిల్లలకు కూడా ఒకప్పుడు ఇలాంటి క్యాంపులుండేవి. బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియా అక్కడే ఒకరి ఊపిరితిత్తుల నుంచి ఇంకొకరికి అంటుకుంటోందని తేలాక 1990లలో అమెరికాలో ఆ క్యాంపులు ఆపేశారు. ఇప్పటికీ ఆ జబ్బున్న ఇద్దరు కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలన్నది నియమం. వాళ్లకు ఆన్‌లైన్ గుంపే దారి, చేతిపనుల సామాను ముందే ఇంటికి పంపి అందరితో ఒకే టైములో చేయించవచ్చు.

రోగనిరోధకత తగ్గించే మందుల మీద ఎవరైనా ఉంటే ముప్ఫైమందికీ ఆటలమ్మ టీకా, పాత ఆటలమ్మ వివరం దరఖాస్తులోనే అడగండి. దద్దు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుకుంటుంది. ఎవరికైనా తేలితే, రోగనిరోధకత తగ్గించే మందుల మీదున్న పిల్లల డాక్టర్లకు అదేరోజు ఫోను చేయాలి, ఇవ్వాల్సిన ఇంజెక్షన్‌కు గడువు 10 రోజులే, ఎంత ముందైతే అంత మంచిది.

గడపదీపం

తల్లిదండ్రుల వైపు ఒక మాట. బెంగ గురించి ఎవరూ చెప్పలేదు. "నచ్చకపోతే ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాం" అని పిల్లకు మాటివ్వొద్దని గట్టిగా చెప్పండి. ఆ మాట విన్న పిల్ల మొదటి రాత్రి నుంచే ఫోన్ కోసం చూస్తుంది. ఉండగలవు అన్న నమ్మకం పోయిందని దాని అర్థం. బదులుగా క్యాంపుకు ముందు ఒక రాత్రి, తర్వాత రెండు రాత్రులు చుట్టాలింట్లో ఉంచి అలవాటు చేయమనండి. రోజుకొకటి చొప్పున అయిదు ఉత్తరాలు ముందే రాసివ్వమనండి. వాటిలో "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది" లాంటివి వద్దు.

ప్రతి రాత్రీ షుగర్ అంకె వాట్సాప్‌లో పంపమని అడిగే తల్లులుంటారు. వాళ్ల భయం అర్థం చేసుకోదగిందే, ఏళ్లతరబడి రాత్రులు లేచినవాళ్లు. కానీ అంకె పంపితే మోతాదు మార్చమని ఫోను వస్తుంది, ఇద్దరు డాక్టర్లు నడిపే బండి అవుతుంది. ఎప్పుడు ఫోన్ చేస్తారో ముందే కాగితం మీద రాసివ్వండి: గ్లూకగాన్ వాడితే, ఫిట్స్ వస్తే, తలకు దెబ్బ తగిలితే, ఆసుపత్రికి తీసుకెళ్తే, జ్వరం వస్తే. అవి లేకపోతే ఫోను రాదు, రాలేదంటే బాగుందని అర్థం.

రాత్రి డ్యూటీ

మెట్లదారి గారు నర్సులెందరని అడగలేదు కానీ చెబుతాను. మీ ముప్ఫైమందికి క్యాంపులోనే ఉండే డాక్టరు ఒకరు, నర్సులు ముగ్గురైనా కావాలి. అందులో ఒకరు పూర్తిగా రాత్రికే. పగలు చేసినవాళ్లనే రాత్రి 3 గంటలకు లేపితే మూడో రోజుకు మోతాదు తప్పులు మొదలవుతాయి.

చేరే రోజు మందులు తీసుకునే బల్ల దగ్గర తొందర పనికిరాదు. ఒక్కో కుటుంబానికి 15 నిమిషాలు పెట్టుకోండి, రెండు బల్లలు వేసినా నాలుగు గంటల పని. మందు అసలు డబ్బాలోనే రావాలి, వారం డబ్బాలో విడగొట్టి తెచ్చినవి తీసుకోవద్దు. బిళ్లలు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. డబ్బా మీది మోతాదు, డాక్టరు కాగితం, అమ్మ నోటిమాట, మూడూ కలవాలి. కలవకపోతే అక్కడికక్కడే డాక్టరుకు ఫోను. సాధారణంగా కలవనిది అమ్మ మాటే, అదే సరైనదీ కావచ్చు, మోతాదు గత వారమే మారి ఉంటుంది.

వచ్చే ఏడాది కీళ్లవాతం పిల్లల్ని కూడా తీసుకుంటే ఇది గుర్తుంచుకోండి: వాళ్లకిచ్చే మెథోట్రెక్సేట్ మందు వారానికి ఒక్కరోజే. రోజూ ఇచ్చే పట్టీలో పొరపాటున ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది. ఏ రోజో పెద్దక్షరాల్లో రాసి మిగతా రోజుల గళ్లు ముందే కొట్టేయండి.

మెట్లదారి

క్లాసులు తీసేస్తున్నాం, రాత్రి 20 నిమిషాలు పెడుతున్నాం. మందుపెట్టెలు రెండు. ఒక్కటే మిగిలింది: వెళ్లే రోజు తల్లిదండ్రులకు ఏం ఇవ్వాలి?

రాత్రి డ్యూటీ

ఒకే కాగితం, ఒకే పక్క. అయిదు రోజుల షుగర్ అంకెలు, ఇచ్చిన ఇన్సులిన్, లో షుగర్‌లు ఎన్ని, ఏ టైములో. దాని కింద ఇంటికి వెళ్లాక మోతాదు ఎలా పెంచాలో. ఇక్కడ 20 శాతం తగ్గించాం, ఇంట్లో కదలిక తగ్గుతుంది, అదే మోతాదు కొనసాగితే రెండో రోజుకు 300 కనబడుతుంది. కానీ మొదటి రాత్రి వెంటనే పాత మోతాదుకు వెళ్లకూడదు, చివరిరోజు ఆటల ప్రభావం ఆ రాత్రికీ ఉంటుంది. ఆ రాత్రి 3 గంటల చెక్ ఇంట్లోనూ చేయమని రాయండి. మర్నాటి నుంచి డాక్టరు చెప్పినట్టు పాత మోతాదుకు.

కాగితం అమ్మానాన్నలకు ఇచ్చేటప్పుడు పిల్ల పక్కనే ఉండాలి. నేర్చుకున్న పని ఏదైనా ఉంటే, ఫ్యాక్టర్ కలపడమో, పంపు సెట్ మార్చడమో, అది తనే చూపించాలి. ఇంట్లో ఆ పని ఇక ఎవరిదో అక్కడే తేలాలి. లేకపోతే ఆ రాత్రే అమ్మ అలవాటుగా చేసేస్తుంది.

మీటర్, సూదులు, మిగిలిన బిళ్లలు లెక్కపెట్టి తిరిగి ఇచ్చి సంతకం తీసుకోండి. ఫ్రిజ్ మళ్లీ ఒకసారి తెరిచి చూడండి. ఎవరిదో ఒకరి ఇన్సులిన్ అక్కడే ఉండిపోతుంది.